చప్పుడొస్తే చమురు పోసే తెలివి ఇక చాలు

మొన్న సోమవారం పొద్దున బోనకల్ స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే ఒక కుర్రాడు బండి మీద వచ్చి ఆపాడు. ఆపడం కాదు, అరిపించాడు. కీచుమన్న ఆ చప్పుడికి కొట్టు దగ్గరున్న ఏడెనిమిది మందిమీ తలెత్తి చూశాం. "నిన్న ఇంట్లోనే కొత్త లైనర్లు వేశా బాబాయ్, అప్పట్నుంచి ఇదే గోల" అన్నాడు. ఇంకేముంది, సలహాల సంత మొదలైంది. ఒకాయన "కొత్తయి గదా, నాలుగు రోజులు తిరిగితే అరిగి సర్దుకుంటయ్‌లే" అన్నాడు. పక్కనున్నాయన "రెండు చుక్కలు ఆయిల్ కొట్టు, నోరు మూసుకుంటది" అన్నాడు. మూడో ఆయన పెద్దమనిషి తరహాలో "అసలు ఇంట్లో ఎవడు చెయ్యమన్నాడ్రా, మెకానిక్కులు చచ్చారా?" అన్నాడు.

ఈ మూడు మాటల మీదే ఈ పోస్టు. నా లెక్కలో మూడూ తప్పే. రెండో మాట విన్నందుకు పోయిన ఏడాది మా ఇంటావిడ చెయ్యి విరిగింది. కాబట్టి కాస్త కోపంగానే రాస్తా, ఏమీ అనుకోకండి.

మిర్చి కోతల టైం అది. తెల్లారి కూలీలను తీసుకురావాలి, మధ్యాహ్నం చేలోకి సద్ది, సాయంత్రం కల్లంలో పరదాలు. బండి లేకపోతే పూట గడవదు. బ్రేకు పెడల్ నేలకు తగులుతోంది. మెకానిక్ దగ్గరికి పోతే "నాలుగు రోజులాగి రా అన్నా" అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన ముందు పది బండ్లున్నాయి. లైనర్లు కొనుక్కొచ్చి నేనూ మావాడూ కలిసి ముందూ వెనకా రెండు చక్రాలకీ వేసుకున్నాం. వెనక చక్రం అరుపు మొదలెట్టింది. మా బామ్మర్ది వచ్చి చూసి "ఇంత గోలెందుకు బావా, రెండు చుక్కలు పొయ్యి" అన్నాడు. నాకూ అదే తోచింది. ప్లేటు సందులోంచి చెయిన్‌కు కొట్టే ఆయిల్ డ్రమ్ములోకి పోనిచ్చా. చప్పుడు పోయింది. ఎంత సంబరపడ్డానో! బండి వెన్నలాగా పోతోందని మావాడితో అన్నా కూడా.

మర్నాడు కాలవ కట్ట మీద మా ఇంటావిడ వెనక కూర్చుంది, ఒళ్ళో సద్ది గిన్నె. కట్ట దిగుడులో గేదెలు అడ్డం వచ్చాయి. వెనక బ్రేకు తొక్కితే పెడల్ దిగింది, బండి ఆగలేదు. చక్రం జారుకుంటూ పోతూనే ఉంది. ముందు బ్రేకు పడితే ఎగిరి పడతామని చిన్నప్పట్నుంచీ విన్న భయం ఒకటి ఉంది గదా, చెయ్యి దాని మీదికే పోలేదు. తుమ్మచెట్ల పక్కన పడ్డాం. నాకు మోకాలు గీరుకుంది. ఆమెకు మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కోతల్లో ఆరు వారాలంటే ఏంటో రైతు ఇళ్ళలో విడమరిచి చెప్పక్కర్లేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఈ ఆయిల్ పిచ్చి మనకు ఎక్కడినుంచి వచ్చిందో ఆ ఆరు వారాలూ ఆలోచించా. ఎడ్లబండి నుంచి వచ్చింది. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని సామెత. మా తాత రోజుల్లో బండి కిర్రుమంటే ఇరుసుకు కందెన అడుగుతోందని అర్థం. కందెన పెడితే చప్పుడు పోయేది, రోగం కూడా పోయేది. తలుపు బందు, బావి గిలక, ఇరుసు, అన్నిటికీ ఒకటే వైద్యం. ఆ వైద్యాన్ని తెచ్చి బ్రేకుకు చేస్తున్నాం. ఇరుసు పని జారడం. బ్రేకు పని పట్టుకోవడం. పట్టుకోవాల్సినదానికి చమురు రాస్తే చప్పుడు పోవడంతో పాటు బ్రేకే పోతుంది. లైనరు నిండా సన్న రంధ్రాలుంటాయి, స్పంజిలాగా నూనె పీల్చేస్తుంది. పీల్చిన లైనరు ఇక పనికి రాదు. పైపైన ఎమరీ పేపరు రుద్దినా వేడెక్కినప్పుడు లోపలి నూనె మళ్ళీ పైకి వస్తుంది. కొందరు పెట్రోలు పోసి అంటించి "నూనె కాల్చేశాం" అంటారు. షూకు లైనరును పట్టి ఉంచేది జిగురు. ఆ మంటకు జిగురు దెబ్బతింటే పోతూ పోతూ లైనరు ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటుంది. చక్రం పట్టేస్తుంది. నాలుగొందలు మిగుల్చుకోవడానికి అంత సాహసం వద్దు. నూనె తగిలిన జత పారేసి, డ్రమ్మును సర్ఫు నీళ్ళతో కడిగి ఆరబెట్టి కొత్త జత వేయండి.

గ్రీజు అసలే వద్దా అంటే, ఒక చోట కావాలి. షూలను తెరిచే క్యామ్ ఇరుసుకీ, షూలు ఆనుకునే మేకుకీ పలచగా, వేడికి కరగని గ్రీజు, వేలికొసకు అంటినంత. అది ఎండిపోతేనే షూలు తెరుచుకుని వెనక్కి రాకుండా రాసుకుంటూ ఉంటాయి. తమాషా చూడండి, గ్రీజు అడిగే చోట ఎవడూ పెట్టడు, వద్దన్నచోట పోస్తాం.

ఇప్పుడు మూడో పెద్దమనిషి మాటకొస్తా. "ఇంట్లో చెయ్యొద్దు." ఎందుకు చెయ్యొద్దు? మోటారు వైండింగ్ కాలితే తప్ప మిగతాదంతా మనమే చూసుకుంటాం. స్ప్రేయరు విప్పుతాం, డ్రిప్పు పైపులు అతుకుతాం, దమ్ము చక్రాలు బిగిస్తాం. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆమె మొగుడు చేసిన మోటారు బండి వేసుకుని పిల్లలతో పుట్టింటికి వందకు పైగా కిలోమీటర్లు పోయింది. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే ఒక చెప్పులు కుట్టేవాడితో తోలు ముక్కలు కొట్టించుకుంది. బ్రేకు లైనరు చరిత్ర అక్కడే మొదలైందంటారు. ఆ పని చేసింది షోరూం వాళ్ళు కాదు, దారిన పోయే ఆవిడా, తోలు పని చేసే మనిషీ. కాబట్టి చెయ్యి నల్లగా చేసుకున్నందుకు సిగ్గుపడక్కర్లేదు. నా గొడవ వేరే. నట్టు బిగించి చేతులు కడుక్కుంటే పని అయిపోయిందనుకుంటున్నాం. అది సగమే. విప్పిన వాడే వినాలి. మెకానిక్ అయితే ఒక రౌండు వేసి, చెవి పెట్టి విని ఇస్తాడు. ఇంట్లో చేసినప్పుడు ఆ చెవి మనదే కావాలి.

ఇక మొదటి మాట, "సర్దుకుంటుందిలే". ఇందులో ఒక పిసరు నిజం ఉంది, అందుకే ఇది అన్నిటికంటే ప్రమాదం. కొత్త లైనరు గుండ్రం, పాత డ్రమ్ము గుండ్రం ఒకటిగా ఉండవు. మొదట్లో లైనరు అక్కడక్కడే తగులుతుంది. కాబట్టి మొదటి కొన్ని పదుల కిలోమీటర్లు బ్రేకు కాస్త మెత్తగా ఉండటం, నొక్కినప్పుడు సన్నగా 'సుయ్' మని రాసుకోవడం మామూలే. ఖాళీ రోడ్డు మీద వేగం పెంచి, మెల్లగా నొక్కి తగ్గించి, చల్లారనిచ్చి, మళ్ళీ అలా పది పదిహేను సార్లు చేస్తే రెండూ ఒకదానికొకటి ఒదుగుతాయి. రాత్రి మంచుకు తడిసి పొద్దున్నే ఒకటి రెండు సార్లు కీచుమని ఆగిపోతే అదీ ఏం కాదు. సర్దుకునేవి ఇవే. మిగతా ఏ చప్పుడూ సర్దుకోదు. పెరుగుతుంది, లేదా మనల్ని పడేసి ఆగుతుంది.

మరి ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. బ్రేకు నొక్కితే వస్తోందా, నొక్కితే పోతోందా, నొక్కినా నొక్కకపోయినా ఒకటేనా?

నొక్కితేనే వస్తే రోగం రాసుకునే చోట ఉన్నట్టు. లైనరు అంచు మరీ వాడిగా ఉంటే కీచుమంటుంది. విప్పి, ఆ అంచును ఎమరీ పేపరు మీద కాస్త ఏటవాలుగా రుద్దితే చాలాసార్లు అక్కడితో పోతుంది. డ్రమ్ము అరిగి అంచున గట్టు కట్టి ఉంటే కొత్త లైనరు ఆ గట్టు ఎక్కి అరుస్తుంది. లోపల వేలు పెట్టి చూస్తే గట్టు తెలుస్తుంది. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో లోపలే పోత అక్షరాల్లో ఉంటుంది, 130 మిల్లీమీటర్ల డ్రమ్ముకైతే సాధారణంగా 131. దాటితే ఎన్ని జతల లైనర్లు మార్చినా దండగే. ఇక గరగరమని ఇనుము ఇనుమును కొరికినట్టు వస్తే అక్కడే ఆపండి. ఇంటికి పోయాక చూద్దాం అనొద్దు. లైనరు ఊడి ఉంటుంది, లేదా రాయి ఇరుక్కుని ఉంటుంది.

నొక్కితే పోయే చప్పుడు ఎక్కువగా డిస్కు బ్రేకులది. గతుకుల రోడ్డు మీద టకటకమంటుంది, లీవరు కొంచెం తాకగానే ఆగిపోతుంది. ప్యాడ్లు వదులుగా ఊగుతున్నాయన్నమాట. ప్యాడ్ల వెనక ఒక పలచటి స్ప్రింగు రేకు ఉంటుంది. పాత ప్యాడ్లతో పాటు దాన్ని చెత్తలో వేసేసి ఉంటారు. వెతికి పెట్టండి. అన్నట్టు, డిస్కు ప్యాడ్లు మార్చాక బండి కదిలించే ముందు లీవరును గట్టిపడేదాకా నాలుగైదు సార్లు నొక్కాలి. పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటాం గదా, మొదటి నొక్కుకు ఖాళీ తప్ప బ్రేకు ఉండదు. ఇది మర్చిపోయి ఇంటి గోడను గుద్దిన వాళ్ళున్నారు. దాని డబ్బాలో పోయాల్సింది కూడా మూత మీద రాసిన రకం బ్రేకు ఆయిలే. ఇంట్లో ఉంది కదా అని ఇంజన్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి పాడైపోతాయి.

నొక్కినా నొక్కకపోయినా వచ్చే చప్పుడుకు బండి డబుల్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పండి. ఎడతెగకుండా రాసుకుంటే బ్రేకు మరీ బిగించేశారు. పెడల్ తొక్కితే బ్రేకు పట్టడానికి ముందు 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, చాలా బండ్లకు లెక్క ఇదే. రెండు కిలోమీటర్లు పోయి డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకండి, సెగ తెలిసిపోతుంది. చుట్టుకు ఒక్కసారి మాత్రమే రాసుకుంటే డ్రమ్ము గుండ్రం తప్పింది, లేదా డిస్కు వంగింది. ఇవేవీ కాకపోతే అది బ్రేకు చప్పుడే కాకపోవచ్చు. చక్రం విప్పి ఎక్కించాం గదా, బుష్షు ఇటుది అటు పడి ఉంటుంది, చెయిన్ ఒక పక్కకు లాగుతుంటుంది, ముందు చక్రంలో స్పీడో మీటరు గేరు దాని గాడిలో కూర్చోకుండా బిగిసిపోయి నలుగుతుంటుంది. నేనొకసారి రెండు రోజులు వెతికి వెతికి చూస్తే పక్క సంచిలో టిఫిన్ బాక్సు మూత. నవ్వుకోండి, పర్వాలేదు.

ఇంకొక చప్పుడు ఉంది. చిన్నది, ఎవరూ పట్టించుకోరు. అన్నిటికంటే నేను భయపడేది దానికే. బ్రేకు పట్టిన క్షణంలో ఒక్క 'టక్'. వదిలాక ఇంకో 'టక్'. వెనక బ్రేకు ప్లేటు తిరిగిపోకుండా ఒక ఇనుప కడ్డీ పట్టి ఉంచుతుంది. దాని నట్టుకు ఒక స్ప్లిట్ పిన్ ఉంటుంది. విప్పేటప్పుడు ఆ పిన్ విరుగుతుంది, "ఏముందిలే, నట్టు బిగించాగా" అని వదిలేస్తాం. నట్టు మెల్లగా వదులవుతుంది. టక్, టక్. ఒకరోజు ఊడిందా, బ్రేకు తొక్కగానే చక్రంతో పాటు ప్లేటు కూడా తిరుగుతుంది, రాడ్డును చుట్టేసుకుని చక్రాన్ని బిగబట్టేస్తుంది. ముందు డ్రమ్ముకైతే కడ్డీ ఉండదు, ఫోర్కు మీద ఒక బుడిపె ఉంటుంది, ప్లేటు గాడి దాంట్లో కూర్చోవాలి. కూర్చోకుండా బిగించి ముందు బ్రేకు పట్టారంటే చెప్పక్కర్లేదు. స్ప్లిట్ పిన్ను ఖరీదు ఎంతో అడిగి చూడండి, చిల్లర లేదని కొట్టువాడు ఊరికే ఇస్తాడు.

దుమ్ము సంగతి కూడా చెప్పాలి. డ్రమ్ము తీయగానే నోటితో ఉఫ్‌మని ఊదుతాం, పంక్చరు షాపులో అయితే గాలి పైపు పెడతారు. పాత రకం లైనర్లలో ఆస్బెస్టాస్ వాడేవాళ్ళు, సిమెంటు రేకుల్లో వాడే నారే. ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, ఏళ్ళ తర్వాత రోగమై బయటపడుతుంది. మనం కొన్న డబ్బాలో ఏముందో మనకెవరు చెప్తున్నారు? తడిగుడ్డతో తుడవండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. మావాడిని పక్కన కూర్చోబెట్టుకుని నేనే ఊదాను, అదీ ఒప్పుకుంటున్నా.

బండి మీద పడితే చెయ్యో కాలో. ట్రాక్టరు అట్లా కాదు. దానికి కుడికాలి దగ్గర రెండు బ్రేకు పెడల్సు, చేలో మలుపు తిప్పడానికి ఒక్కోటి వేరుగా. రోడ్డెక్కితే రెంటినీ కొక్కెంతో కలపాలి. ఎంతమంది కలుపుతున్నారు? ఇంట్లో బ్రేకులు సర్దినప్పుడు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిస్తే, కొక్కెం వేసినా ఒక చక్రమే పడుతుంది, ట్రాక్టరు పక్కకు లాగుతుంది. వెనక పాతిక క్వింటాళ్ళ మిర్చి ట్రాలీ, మన ఊళ్ళలో ట్రాలీలకు బ్రేకులుండటం నేను అరుదుగానే చూశా, ముందుకు తోసేస్తుంది. కాబట్టి సర్దాక ట్రాలీ విప్పి, ఖాళీ చదును చేలో మెల్లగా పోతూ రెండూ కలిపి తొక్కి, నేల మీద రెండు చక్రాల గీతలు సమానంగా పడ్డాయో లేదో చూడండి. ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులున్న ట్రాక్టరు అయితే, హౌసింగ్ ఆయిల్ మార్చిన తర్వాత నొక్కినప్పుడల్లా గుర్రుగుర్రుమని వణికితే లైనర్లను తిట్టకండి. కంపెనీ చెప్పిన రకం కాకుండా ఏదో దొరికిన ఆయిల్ పోశారేమో చూడండి. ఇక్కడ మాత్రం రోగం చమురులోనే.

మన పొలాలు చాలావరకు నల్లరేగడి. వానాకాలం కాలవలోంచి, బురదలోంచి బండి దాటిస్తే డ్రమ్ములోకి నీళ్ళు పోతాయి, కాసేపు బ్రేకు పట్టదు, తర్వాత కీచుమంటుంది. ఆరాక పోతే సరే. బురద ఎండి లోపల ఉండిపోతే అదే గరుకు కాగితంలాగా కొత్త లైనరును తినేస్తుంది. నీళ్ళు దాటిన వెంటనే మెల్లగా పోతూ బ్రేకు లైటుగా నొక్కి పట్టి ఆరబెట్టడం అలవాటు చేసుకోండి.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే చిన్న బండ్లకు ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు. 125 సీసీ దాటితే ఏబీఎస్. మంచిదే. కానీ ఆ బండ్లకు ఇంట్లో ఒక్క వెనక రాడ్డే బిగించి వదిలేస్తే ముందుదానికీ వెనకదానికీ పొత్తు కుదరదు, అది గుర్తుంచుకోండి. నాలాంటి పాత బండి వాళ్ళకు ఆ ఏర్పాటూ లేదు. ముందు బ్రేకు కూడా నెమ్మదిగా వాడటం నేర్చుకోవాల్సిందే. ఈ వయసులో కల్లంలో రౌండ్లు కొట్టి నేర్చుకున్నా, పిల్లలు నవ్వారు.

ఆ రోజు టీ కొట్టు దగ్గర ఇదంతా చెప్పబోతుంటే గూడ్సు బండి వచ్చింది. స్టేషన్ మనిషి పచ్చజెండా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన జెండా ఊపడానికే నిలబడ్డాడనుకుంటాం. కాదు. పోతున్న ప్రతి పెట్టెనూ చూస్తాడు. ఏదైనా వేలాడుతోందా, ఇరుసు కాలుతోందా, బ్రేకు పట్టేసి పొగ వస్తోందా అని. ఏదైనా తేడా కనిపిస్తే ఎర్రజెండా చూపించి ఆపిస్తాడు. అన్ని టన్నుల బండికే ఒక మనిషి చూపు కావాలని రైల్వే వాళ్ళు అనుకున్నారు. మనమేమో భార్యాబిడ్డల్ని ఎక్కించుకుని "సర్దుకుంటుందిలే" అంటాం.

ఆ కుర్రాడి బండి అక్కడే స్టాండ్ వేయించి వెనక చక్రం తిప్పించా. రాసుకోవడం లేదు. నొక్కితేనే అరుపు. లైనరు అంచు రుద్దుకోమని చెప్పి, పైకి లేస్తూ ఊరికే కడ్డీ నట్టు వైపు చూశా. పిన్ను లేదు. "పాతది విరిగింది బాబాయ్, రేపు వేద్దామనుకున్నా" అన్నాడు. వెనక సీటు మీద స్కూలు సంచి కట్టి ఉంది, చెల్లెల్ని దించి వస్తున్నాడట. పక్క సైకిల్ షాపులో పిన్ను తెచ్చి అక్కడే వేయించి పంపా.

మా బామ్మర్ది ఈ పోస్టు చదువుతాడు. బావా, ఆదివారం నీ ట్రాక్టరు పెడల్సు రెండూ సర్దుదాం. జాకీ నా దగ్గర ఉంది. ట్రాలీ విప్పి తీసుకురా.